జీపుకి వెనక యాక్సిల్ మార్చాలంటే: టైరు దగ్గర మొదలుపెట్టండి

విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందైనా జీపు ఆపి ‘వెనక యాక్సిల్ షాఫ్ట్ విరిగింది’ అని చెప్పి చూడండి. టీ వచ్చేలోపు నాలుగు సలహాలు వస్తాయి. ఒకాయన డానా 44 అనే బలమైన యాక్సిల్ వేయమంటాడు. ఇంకొకాయన పెద్ద బండి షాఫ్ట్ తెచ్చి లేత్ మీద కోయిద్దామంటాడు. మూడో ఆయన, మలుపులో రెండు వెనక చక్రాలూ వేర్వేరు వేగంతో తిరిగేలా చూసే డిఫరెన్షియల్‌కి వెల్డింగ్ కొట్టేస్తే గొడవ వదిలిపోతుందంటాడు. నాలుగో ఆయన అసలు బండే అమ్మేయమంటాడు. నలుగురి మాటలోనూ ఎంతోకొంత నిజం ఉంటుంది. మీ టైరు సైజెంత అని మాత్రం ఒక్కరూ అడగరు.

నా పాత జీపు షాఫ్ట్, అంటే వెనక చక్రాన్ని తిప్పే కడ్డీ, విరిగింది మంగళగిరి దాటాక పొలాల్లోకి దిగే ఒక డొంకదారిలో. రాత్రి వాన పడి నల్లరేగడి నానిపోయింది. ఫోర్ లో (నాలుగు చక్రాలకీ బలం పంపే నెమ్మది గేరు) వేసుకుని వెళ్తుంటే కుడి వెనక చక్రం గాడిలో ఊరికే తిరగడం మొదలుపెట్టింది. నేను యాక్సిలరేటర్ వదల్లేదు. తిరుగుతున్న చక్రానికి అడుగున రాయి తగిలి ఒక్కసారిగా పట్టు దొరికింది. తుపాకీ పేలినట్టు ‘ఫట్’మంది. ట్రాక్టర్ వచ్చి లాగాల్సి వచ్చింది.

కంపెనీ షాఫ్ట్ బలహీనంగా ఉందని నేను తేల్చేశాను. మేస్త్రి మాత్రం విరిగిన ముక్కని కిరోసిన్ గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టారు. విరిగిన ముఖంలో సగం నల్లగా, నున్నగా, అంచున తుప్పుతో ఉంది. మిగతా సగం బూడిదరంగులో మెరుస్తూ, పంచదార పలుకుల్లా గరుకుగా ఉంది. ‘ఇది నిన్న విరగలేదు బాబూ, నిన్న ఊడింది. విరగడం ఎప్పుడో మొదలైంది’ అన్నారు. రెండేళ్ల కిందట నేను 33 అంగుళాల టైర్లు ఎక్కించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

వెనక యాక్సిల్ ఎంపికలో ఆ రోజు నుంచి నేను పాటిస్తున్న వరస ఇది. ఇందులో యాక్సిల్ కొనడమనేది చాలా ఆలస్యంగా వస్తుంది.

1. ముందు విరిగిన ముక్కని చదవండి

పాత సామాను తుక్కువాడికి వేసేయకండి. ఏం మార్చాలో అదే చెబుతుంది.

షాఫ్ట్ చివరి స్ప్లైన్ పళ్ళు పురి పెట్టిన తాడులా మెలి తిరిగి ఉంటే అది నేరుగా బలం చాలకపోవడమే. నా షాఫ్ట్‌లా సగం పాత పగులు, సగం కొత్త విరుగుడు ఉంటే లోహం కొన్నాళ్లుగా అలిసిపోతోందని అర్థం. అలాంటప్పుడు రెండో వైపు షాఫ్ట్ విరగకపోయినా దాన్నీ నమ్మొద్దు, రెండూ మార్చండి. యాక్సిల్ మధ్యలో ఉండే పెద్ద పళ్ళ చక్రం క్రౌన్. దాని పళ్ళు అంచున పెచ్చులూడితే గాల్లో తిరిగిన చక్రం నేలకి కొట్టుకుని ఉండాలి, లేదా ఎవరో పళ్ళ మధ్య ప్లే (సందు) సరిగ్గా పెట్టకుండా బిగించి ఉండాలి. డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్ళ చక్రాలు, స్టార్ పినియన్లు, అరిగి విరిగితే ఒక చక్రం బురదలో చాలాసేపు ఒంటరిగా తిరిగిందని గుర్తు, లోపల ఆయిల్ కూడా తక్కువై ఉంటుంది. ఎప్పుడూ ఒకే వైపు ఆయిల్ సీలు కారుతోందా, మార్చినా మళ్ళీ కారుతోందా? అయితే సీలు తప్పు కాకపోవచ్చు, ఆ వైపు షాఫ్ట్‌ని కప్పే హౌసింగ్ గొట్టం వంగి ఉండొచ్చు.

ఈ ఐదింటిలో మొదటిదానికీ చివరిదానికీ మాత్రమే పెద్ద యాక్సిల్ గురించి ఆలోచించాలి. మిగతావి చాలావరకు ఉన్న యాక్సిల్‌ని సరిగ్గా బాగుచేసుకుంటే పోయే జబ్బులు.

2. టైరు తేల్చుకోండి, మళ్ళీ మార్చనని ఒట్టేసుకోండి

యాక్సిల్‌ని విరగ్గొట్టేది ఇంజనే అని అందరం అనుకుంటాం. లెక్క వేస్తే అలా రాదు. ఇంజన్ 250 న్యూటన్ మీటర్ల తిప్పే బలం ఇస్తుందనుకోండి. ఫస్ట్ గేరు 4, ఫోర్ లో 2.5, యాక్సిల్ నిష్పత్తి 4 అనుకుంటే, అన్నీ గుణిస్తే 10,000 న్యూటన్ మీటర్లు. ఇంత బలం నేల మీదకి ఎప్పుడూ రాదు, అంతకంటే చాలా ముందే టైరు జారిపోతుంది. అంటే షాఫ్ట్ మీద పడే బలానికి హద్దు గీసేది టైరు పట్టు. ఆ పట్టు మూడింటి మీద ఆధారపడుతుంది: ఆ చక్రం మీద ఎంత బరువుంది, నేల ఎంత గరుకు, టైరు ఎంత ఎత్తు.

ఒక వెనక చక్రం మీద 600 కిలోల బరువు, ఎండిన రాతి నేల అనుకుందాం. 29 అంగుళాల టైరు జారేలోపు షాఫ్ట్ మీద సుమారు 1,730 న్యూటన్ మీటర్లు పడతాయి. అదే చోట 33 అంగుళాల టైరుతో సుమారు 1,970. ఎత్తు ఎక్కేటప్పుడు బండి బరువంతా వెనక్కి వాలి ఆ చక్రం మీద 900 కిలోలు పడితే 2,960 దాకా పోతుంది. ఇంజన్ అదే, గేరు అదే, షాఫ్ట్ కూడా అదే. మారింది టైరు, వాలు. పైగా పెద్ద టైరు బరువు కూడా ఎక్కువ. గాల్లో గిర్రున తిరిగి రాయి మీద పడినప్పుడు సుత్తిలా కొడుతుంది. నా షాఫ్ట్‌ని చంపింది ఆ దెబ్బే.

కాబట్టి బండి ఎక్కడ తిరుగుతుందో నిజాయితీగా చెప్పుకోండి. మన కృష్ణా, గుంటూరు వైపు ఎక్కువగా దొరికేవి మూడు రకాల నేలలు. ఒకటి నల్లరేగడి. తడిసినప్పుడు దాని మీద నడిస్తే చెప్పు కింద అరకేజీ మట్టి పేరుకుంటుంది, టైరుకీ అంతే. గాళ్ళన్నీ నిండి టైరు రోడ్ రోలర్‌లా నున్నగా అయిపోతుంది. ఇక్కడ వెడల్పాటి పెద్ద టైరు కంటే గాళ్ళు బాగా ఎడంగా ఉన్న సన్న టైరు నయం, రెండు వెనక చక్రాల్నీ కలిపి తిప్పే లాకర్ ఇంకా నయం. రెండోది ఇసుక, కృష్ణ ఒడ్డునో బాపట్ల దగ్గర సూర్యలంక వైపో. దానికి గాలి 18 పీఎస్ఐ దాకా దించితే సగం పని అయిపోతుంది, యాక్సిల్‌తో పని లేదు. మూడోది కొండపల్లి, కొండవీడు చుట్టుపక్కల కనిపించే రాతి వాలు. షాఫ్ట్‌లు నిజంగా విరిగేది ఇక్కడే. అడవి శాఖ భూమి అయితే అనుమతి లేకుండా బండి ఎక్కించకండి, అది వేరే టెన్షన్.

మొదటి రెండు నేలలకి 29 నుంచి 31 అంగుళాలు చాలు అని నా అభిప్రాయం. 31 దాటితేనే ఈ వ్యాసంలో మిగతా ఖర్చులన్నీ మొదలవుతాయి.

టైరు అసలు ఎత్తు తెలియాలంటే పక్కన రాసిన అంకెలే చాలు. 235/75 ఆర్15 అంటే, 235లో 75 శాతం 176 మి.మీ. పైనా కిందా కలిపి 352, రిమ్ము 15 అంగుళాలు అంటే 381. మొత్తం 733 మి.మీ., దగ్గర దగ్గర 29 అంగుళాలు. పాత జిప్సీకి వచ్చే 205/70 ఆర్15 ఇలా లెక్కేస్తే 26 అంగుళాల పైచిలుకు. కొత్త థార్ 255/65 ఆర్18 కంపెనీ నుంచే 31. అందుకే ‘నాకూ 33 వేయండి’ అనే మాట జిప్సీ ఓనరు అన్నప్పుడు ఒకటి, థార్ ఓనరు అన్నప్పుడు ఇంకొకటి.

3. నిష్పత్తి లెక్క, సుద్దముక్కతో

పెద్ద టైరు వేయగానే బండి మందగిస్తుంది. సెకండ్‌లో ఎక్కే చోట ఫస్ట్ అడుగుతుంది, క్లచ్ వాసన వస్తుంది. పోయిన ఊపుని క్రౌన్‌నీ, దాన్ని తిప్పే చిన్న చక్రం పినియన్‌నీ మార్చి తెచ్చుకోవచ్చు. దానికి ముందు మీ బండిలో ఇప్పుడు ఏ నిష్పత్తి ఉందో తెలియాలి. పేపర్లలో ఉన్నది నమ్మకండి. మన పాత జీపుల్లో ముప్పై ఏళ్లలో ఎవరు ఏ క్రౌన్ వేశారో ఎవరికి తెలుసు.

చదునైన నేల మీద బండి పెట్టి ముందు చక్రాలకి రెండు వైపులా గట్టి రాళ్ళు అడ్డం పెట్టండి. వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండ్ పెట్టండి. రెండో వెనక చక్రం నేల మీదే ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వదిలేయండి, గేరు న్యూట్రల్, ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందూ వెనకా పంచే పెట్టె) టూ వీల్‌లో. లేపిన టైరు మీద, ఇంజన్ బలాన్ని వెనక యాక్సిల్‌కి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దముక్కతో ఒక్కో గీత పెట్టండి. ఇప్పుడు టైరుని చేత్తో మెల్లగా సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. పక్కన కూర్చున్న మనిషి ప్రొపెల్లర్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడతాడు. మూడున్నర దాటి నాలుగుకి కొంచెం తక్కువొస్తే 3.73 అయ్యుండాలి. రెండు చుట్లే ఎందుకంటే, ఒక చక్రం కదలకుండా ఉన్నప్పుడు డిఫరెన్షియల్ రెండోదాన్ని రెట్టింపు తిప్పుతుంది. ఖచ్చితమైన అంకె కావాలంటే టైరుని ఇరవై చుట్లు తిప్పి ప్రొపెల్లర్ చుట్లని పదితో భాగించండి. వెల్డింగ్ కొట్టిన డిఫరెన్షియల్ అయితే లేపిన చక్రం అసలు తిరగదు. పాత ఓనరు దాచిన రహస్యం అలా బయటపడుతుంది.

హౌసింగ్ విప్పి ఉంటే ఇంకా సుళువు. క్రౌన్ పళ్ళని పినియన్ పళ్ళతో భాగించడమే. 41కి 11 అయితే 3.73. 41కి 10 అయితే 4.10. 39కి 8 అయితే 4.88. పాత సీజే3బీ జీపుల్లో కనిపించే 43కి 8 అంటే 5.38.

కొత్త నిష్పత్తి కోసం పాత నిష్పత్తిని కొత్త టైరు ఎత్తుతో గుణించి పాత టైరు ఎత్తుతో భాగించండి. 3.73 మీద 29 నుంచి 33కి వెళ్తే 4.24 వస్తుంది. సరిగ్గా ఆ అంకె దొరకదు, డానా 44కి అయితే దగ్గర్లో 4.27 ఉంటుంది. వారధి దాటి గుంటూరు దాకా హైవే మీద టాప్‌లో, అంటే ఒకటికి ఒకటి ఉండే గేరులో, 80 మీద వెళ్తున్నారనుకోండి. 29 టైరు, 3.73తో ఇంజన్ నిమిషానికి సుమారు 2,150 చుట్లు తిరుగుతుంది. 33 టైరు వేసి నిష్పత్తి మార్చకపోతే 1,890. 4.27 వేస్తే 2,160, అంటే పాత బండి మళ్ళీ దొరికినట్టే. 4.88 వేస్తే 2,470. కొండల్లో హాయిగా ఉంటుంది, కాజ టోల్‌గేటు దాకా మాత్రం చెవులు హోరెత్తుతాయి.

ఎక్కువ అంకె కదా అని 4.88కి ఎగబడకండి. క్రౌన్ సైజు అదే ఉండి నిష్పత్తి పెరగాలంటే పినియన్ చిన్నది కావాలి. 11 పళ్ళ పినియన్‌నీ 8 పళ్ళ పినియన్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి, బొటనవేలుకీ చిటికెనవేలుకీ ఉన్న తేడా కనిపిస్తుంది. మీరు షాఫ్ట్ బలం పెంచుకుంటూ పినియన్ బలం తగ్గించుకుంటున్నారు. ఇంకో చిక్కు కూడా ఉంది. డానా 44లో 3.73 దాకా క్రౌన్‌ని పట్టుకునే క్యారియర్ ఒక రకం, 3.92 నుంచి పైకి ఇంకో రకం. క్రౌన్ ఒక్కటే కొని షెడ్డుకి వచ్చినవాళ్ళు అక్కడ ఆగిపోతారు.

ఇప్పుడు అసలు మాట. వెనక నిష్పత్తి మారిస్తే ముందు యాక్సిల్‌దీ మార్చి తీరాలి. మన జీపుల్లో, జిప్సీలో, జిమ్నీలో, థార్‌లో ఫోర్ బై ఫోర్ వేయగానే ముందూ వెనకా గట్టిగా కలిసిపోతాయి, మధ్యలో సర్దుకునే డిఫరెన్షియల్ లేదు. వెనక 4.27, ముందు 3.73 ఉంటే ముందు చక్రాలు ఒక వేగం, వెనకవి ఇంకో వేగం అడుగుతాయి. బురదలో కాసేపు జారి సర్దుకుంటాయేమో గానీ గట్టి నేల మీద కొద్ది దూరంలోనే ట్రాన్స్‌ఫర్ కేసు మూలుగుతుంది, ఆ తర్వాత ఏదో ఒకటి విరుగుతుంది. ‘ముందుది తర్వాత చూద్దాంలెండి’ అని ఎవరన్నా అంటే, ముందుది అయ్యేదాకా ఫోర్ బై ఫోర్ లీవరు ముట్టుకోనని రాసిచ్చి అప్పుడు ఒప్పుకోండి.

4. లాకర్ కావాలా?

మామూలు డిఫరెన్షియల్‌ని చాలామంది తిడతారు గానీ అది మీ షాఫ్ట్‌కి కాపలా కాస్తుంది. అది రెండు వైపులా సమాన బలమే పంపుతుంది కాబట్టి, ఒక చక్రం బురదలో జారుతుంటే ఆ జారే చక్రానికి ఎంత బలం పడుతుందో గట్టి నేల మీదున్న చక్రానికీ అంతే. బండి కదలదు, కానీ షాఫ్ట్ కూడా విరగదు. లాక్ వేసిన క్షణం ఈ కాపలా పోతుంది. పట్టు దొరికిన ఒక్క చక్రం మీదే మొత్తం భారం పడొచ్చు. లాకర్ వేసేవాళ్ళు షాఫ్ట్ గురించి కూడా ఆలోచించాలనేది అందుకే.

వెల్డింగ్ కొట్టిన డిఫరెన్షియల్ పొలంలో బ్రహ్మాండం. బెంజ్ సర్కిల్ దగ్గర మలుపు తిప్పినప్పుడు తెలుస్తుంది దాని సంగతి. లోపలి చక్రం ఈడ్చుకుంటూ, టైరు కీచుమంటూ, స్టీరింగ్ నిటారుగా పోతానంటూ ఉంటుంది. వాన పడ్డ రోడ్డు మీద వెనక తోక తిరుగుతుంది. రోడ్డెక్కే బండికి నేనైతే చేయించను.

కొన్ని థార్ మోడళ్లలో ఈటన్ వాళ్ళ మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ కంపెనీ నుంచే వస్తుంది. ఒక చక్రం రెండోదానికంటే నిమిషానికి వంద చుట్లు ఎక్కువ తిరిగితే ‘ఠక్’మని దానంతటదే పడుతుంది. చాలామంది అది పనిచేయడం లేదనుకుంటారు, ఎందుకంటే భయపడి యాక్సిలరేటర్ మరీ మెల్లగా తొక్కుతారు, ఆ వంద తేడా రాదు. గూర్ఖాలో ముందూ వెనకా చేత్తో వేసుకునే లాకులే ఉన్నాయి. ఈ రెండు బండ్లకీ కొత్త లాకర్ కొనే ముందు ఉన్నదాన్ని వాడటం నేర్చుకోవడం చవక. మిగతా బండ్లకి గాలితో పడే ఏఆర్‌బీ రకం గానీ, కరెంటుతో పడే రకం గానీ మంచివి. కావాల్సినప్పుడు వేసుకుని, దాటాక తీసేయొచ్చు. కొనేముందు మీ షాఫ్ట్‌కి ఎన్ని స్ప్లైన్ పళ్ళున్నాయో లెక్కపెట్టండి. లాకర్ ఆ లెక్కకే వస్తుంది, ఒక్క పన్ను తేడా ఉన్నా లోపలికి పోదు.

5. ఏ యాక్సిల్?

ఇక్కడికొచ్చేసరికి మీ చేతిలో నాలుగు విషయాలు ఉండాలి: టైరు ఎత్తు, నిష్పత్తి, లాకర్ ఉందా లేదా, ఏ నేల. ఇప్పుడు పేర్లు చూద్దాం.

డానా 35కి క్రౌన్ సుమారు 7.6 అంగుళాలు, షాఫ్ట్‌కి 27 పళ్ళు. డానా 44కి 8.5 అంగుళాలు, సాధారణంగా 30 పళ్ళు. డానా 60కి 9.75 అంగుళాలు, బలమైన రకాల్లో 35 పళ్ళు. షాఫ్ట్ లావు కొంచెం పెరిగినా బలం బాగా పెరుగుతుంది, లావుకి ఘనం చొప్పున. 28 మి.మీ. షాఫ్ట్‌ని 31 చేస్తే లావు పెరిగింది పదకొండు శాతం, మెలికకి తట్టుకునే బలం పెరిగింది 36 శాతం. అందుకే 31 అంగుళాల టైర్లవాళ్ళకి నా సలహా: హౌసింగ్ అదే ఉంచి, మంచి అల్లాయ్ స్టీలు షాఫ్ట్‌లు దొరికితే అవి వేసి ఊరుకోండి. 33 టైరు, లాకర్, రాళ్ళు, మూడూ కలిస్తే డానా 44 స్థాయి. డానా 60 మన దగ్గర ఎవరికి అవసరమో నాకు అర్థం కాదు. మధ్యలో క్రౌన్ ఉండే దాని గుండు పెద్దది, 44తో పోలిస్తే నేలకి సుమారు 16 మి.మీ. దగ్గరగా వేలాడుతుంది. టైరు ఎత్తు పెంచి సంపాదించిన జాగాలో కొంత అక్కడ పోతుంది.

పేరు కంటే పట్టించుకోవాల్సింది ఇంకొకటి ఉంది. లారీ వెనక చక్రం ఎప్పుడైనా చూశారా? మధ్యలో హబ్బు బయటికి పొడుచుకొచ్చి దాని చుట్టూ బోల్టులుంటాయి. అది ఫుల్ ఫ్లోటింగ్. బండి బరువంతా హబ్బులోని రెండు బేరింగులు మోస్తాయి, షాఫ్ట్ పని తిప్పడం ఒక్కటే. విరిగితే ఆ బోల్టులు విప్పి ముక్కలు బయటికి లాగి, ముందు చక్రాల మీద ఇంటికి రావచ్చు. మన థార్‌లు, జిప్సీలు సెమీ ఫ్లోటింగ్. షాఫ్టే చక్రాన్ని మోస్తుంది. బయటి చివర విరిగిందా, చక్రం మీకంటే ముందు కాలవలోకి దొర్లుతుంది. ఒంటరిగా దూరం వెళ్ళేవాళ్ళు ఫుల్ ఫ్లోటింగ్ దొరికితే బరువు గురించి ఆలోచించకుండా తీసుకోండి.

6. టేపు పట్టుకుని కొలవండి

యాక్సిల్ బలంగా ఉంటే చాలదు, మీ బండి కింద పట్టాలి. ఒక హబ్బు ముఖం నుంచి రెండో హబ్బు ముఖం దాకా వెడల్పు కొలవండి, ముందు యాక్సిల్‌తో పోల్చండి. కమాను కట్టలు కూర్చునే సీట్ల మధ్య దూరం చూడండి. సీట్లు మళ్ళీ వెల్డింగ్ చేయాల్సి వస్తే పినియన్ ముక్కు ఏ కోణంలో ఉండాలో బండి నేల మీద నిలబడ్డాకే తేల్చాలి, జాకీ మీద కాదు. చక్రం బోల్టుల వృత్తం కూడా సరిపోవాలి. జిప్సీకీ జిమ్నీకీ ఐదు బోల్టులు 139.7 మి.మీ. వృత్తం మీద ఉంటాయి. వేరే వృత్తం వస్తే స్టెప్నీ ఒక యాక్సిల్‌కే పనికొస్తుంది.

పాత సీజే3బీ లాంటి జీపులవాళ్ళు మోసపోయేది గుండు ఎటు ఉందన్న దగ్గర. వాటిలో ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వెనక ప్రొపెల్లర్ మధ్యలో కాకుండా కుడి పక్కన బయటికొస్తుంది, యాక్సిల్ గుండు కూడా కుడివైపే ఉంటుంది. మధ్యలో గుండున్న యాక్సిల్ తెచ్చి వేస్తే ప్రొపెల్లర్ ఏటవాలుగా పోయి దాని కొసల్లోని క్రాసులు (కీళ్ళు) ఊరికే పోతుంటాయి.

బ్రేకులు మర్చిపోకండి. హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఎక్కడ తగులుతుంది, ఏబీఎస్ ఉన్న బండి అయితే సెన్సరు ఎక్కడ పెడతారు, ఈ రెండూ డబ్బు ఇవ్వకముందే అడగండి.

7. సెకండ్‌హ్యాండ్ కొంటుంటే

ఆటోనగర్‌లో వరసల మధ్య తిరిగితే ఏదో ఒకటి దొరుకుతుంది, గుంటూరు ఆటోనగర్‌లోనూ చూడండి. కానీ పగటిపూట వెళ్ళండి, కవర్ విప్పించే దాకా బేరం మొదలుపెట్టకండి.

మొదట ఆయిల్. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్ళు వెళ్ళాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు బండ్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలా మునిగిన బండి యాక్సిల్ పైకి రంగేసి ఉన్నా లోపల బేరింగు రోలర్ల మీద సన్నటి తుప్పు గీతలు వదులుతుంది. వేలి గోరుతో గీరి చూడండి, తగులుతుంది. తర్వాత క్రౌన్ మీద, పినియన్ మీద చెక్కిన జత నంబర్లు ఒకటే ఉన్నాయా చూడండి. ఈ రెండూ ఫ్యాక్టరీలో కలిపి అరగదీసిన జంట, వేర్వేరు జంటల్లోంచి తెచ్చి కలిపితే ఎంత సర్దినా అరుస్తూనే ఉంటాయి. చివరిగా హౌసింగ్ వంపు. రెండు కొసల మధ్య గట్టి దారం లాగి చూడొచ్చు గానీ, లేత్ మీద ఎక్కించి తిప్పి చూడమనడమే నమ్మకం.

8. బిగించేటప్పుడు పక్కనే కూర్చోండి

కొత్త సామాను పాడయ్యేది ఎక్కువగా ఈ రోజే. క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య ప్లే చాలా యాక్సిళ్లలో 0.15 నుంచి 0.25 మి.మీ. మధ్య ఉండాలి, మీ యాక్సిల్ మాన్యువల్‌లో ఉన్న అంకే ఫైనల్. దీన్ని డయల్ గేజీతోనే కొలవాలి. చేత్తో ఊపి ‘సరిపోయిందిలెండి’ అంటే ఒప్పుకోవద్దు. తర్వాత పళ్ళకి బ్లూ (అచ్చు పడే నీలిరంగు) పూసి తిప్పాలి. పన్ను మీద పడిన అచ్చు మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో ఉంటే మంచిది. మరీ పైఅంచుకో, వేరు దగ్గరికో పోతే పినియన్ వెనక ఉండే సన్నటి రేకు, షిమ్ము, మార్చి మళ్ళీ మొదటి నుంచి. మా మేస్త్రి నా యాక్సిల్‌కి ఐదుసార్లు విప్పి బిగించారు. ఐదోసారి అచ్చు పడ్డాక అద్దాలు తుడుచుకుని మరీ చూశారు. ఆ రోజు ఇచ్చిన కూలికి నేను బేరమాడలేదు.

ఆయిల్ జీఎల్-5 గ్రేడే పోయాలి. డిఫరెన్షియల్ లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం ఊరికే తిరగకుండా కొంత పట్టి ఉంచే) రకమైతే దానికి కావాల్సిన మందు కూడా కలపాలి. యాక్సిల్ గాలి పీల్చుకునే బ్రీదర్ మూత తీసేసి దాని బదులు రబ్బరు గొట్టం వేసి టెయిల్ లైటు ఎత్తు దాకా లాక్కోండి. వేడెక్కిన యాక్సిల్ చల్లటి కాలవ నీళ్ళలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి సీళ్ళ పక్కనుంచి నీళ్ళు పీల్చుకుంటుంది. ఈ గొట్టానికి అయ్యే ఖర్చు రెండు ప్లేట్ల పునుగులు.

కాగితాల సంగతి కూడా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిము దగ్గర ఇదే పట్టుకుంటారు. షాఫ్ట్ కంపెనీ సైజుదే, మంచి లోహంతో వేయడం ఒకటి, బండి వెడల్పే మారిపోయే యాక్సిల్ వేయడం ఇంకొకటి. రెండోది చేసేముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి, కాగితం మీద అనుమతి తీసుకోండి.

9. మొదటి వెయ్యి కిలోమీటర్లు

కొత్త క్రౌన్ పినియన్ వేశాక మొదటిసారి ఇరవై ముప్పై కిలోమీటర్లు మెల్లగా తోలి, పూర్తిగా చల్లారనివ్వాలి. నేను మంగళగిరి దాకా వెళ్ళి టీ కొట్టు దగ్గర అరగంట ఆపాను. గుండు మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉండొచ్చు, పెట్టలేనంత కాలుతుంటే ఎక్కడో బేరింగు బిగుసుకుంది, వెంటనే వెనక్కి తిరగాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే కూత వస్తే పళ్ళకి ఒక వైపు అచ్చు తప్పు, వదిలినప్పుడు మాత్రమే వస్తే రెండో వైపు. రెండింటిలోనూ ఒకేలా గుర్రుమంటే బేరింగులు.

800 కిలోమీటర్ల దగ్గర ఆయిల్ మార్చేయాలి. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి మెత్తటి బూడిదలాంటి పొడి అంటుకుంటే భయం లేదు, అది పళ్ళు ఒకదానికొకటి కుదురుకోవడం. వేలికి గుచ్చుకునే పెచ్చు ఒక్కటి కనిపించినా కవర్ విప్పాల్సిందే. నాకు పొడే వచ్చింది. ఆ బోల్టు తుడిచి బిగించి, 33 టైర్లు అమ్మేసి 31కి దిగాను.